పంటకాపు తుపాకి: కొనకముందు తెలియవలసిన సంగతులు

మక్కచేను పాలకంకి పట్టు దినములలో మన అడవి పొలిమేర గ్రామములందు రైతునకు నిద్ర యుండదు. పగలెల్ల చేసిన కష్టమును రాత్రి మంచెమీద కూర్చుండి కాచుకొనవలెను. ఒక జాము కన్ను మూసెనా, తెల్లవారునప్పటికి పందుల మంద చేను నడుమ దొర్లిపోయిన జాడ కానవచ్చును. అడవిపంది తిన్నదానికంటె తొక్కినది మెండు. గుండాల, పాల్వంచ, ములకలపల్లి మొదలుకొని గోదావరి కావలి దుమ్ముగూడెము, చర్ల వరకును ఈ బాధ యెరుగని రైతు అరుదు.

అందుచేత మా సంఘ సమావేశములందు సభ్యులు కొందరు తరచుగ నొక ప్రశ్న వేయుచున్నారు: “తక్కువ ధరకు దొరకెడి బోల్టు రైఫిలు ఏది? మొదటిసారి కొనువాడు దేనిని కొనవలెను?” ఒక పేరు, ఒక ధర వ్రాసి ఈ ప్రశ్నను ముగించుట సులువు. కాని ఆ మాట నమ్మి ఒక రైతు సొమ్ము చెల్లించి, లైసెన్సు రాక తిరిగి, లేదా లైసెన్సు ఉండియు వేట నేరమున చిక్కుకొనిన యెడల ఆతని ఇంటివారికి మేమేమి సమాధానము చెప్పగలము? కావున ఎద్దును కొనువాడు పండ్లు చూచి, నడక చూచి, తుదకు ధర యడిగినట్లు, ఈ విషయమును కూడ వరుసగ విచారింతము.

1. వేట వేరు, పంటకాపు వేరు

మొదట తెలియవలసిన సంగతి యిది. మన దేశమున వినోదమునకై గాని, మాంసమునకై గాని అడవి జంతువులను వేటాడు హక్కు నేడెవరికిని లేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము 9వ సెక్షను వేటను నిషేధించినది. పూర్వము జమీందారులు, దొరలు, అధికారులు శికారు చేసిరను కథలు మనము వినియున్నాము. ఆ కాలము గడచిపోయినది. రైఫిలు కొనిన మాత్రమున వేట హక్కు రాదు. తుపాకి లైసెన్సు ఆయుధమును దగ్గర నుంచుకొనుటకు మాత్రమే అనుమతి; జంతువును చంపుటకు అది అనుమతి కాదు. ఈ రెండును వేరు వేరు కచేరీలనుండి, వేరు వేరు చట్టముల క్రింద రావలసినవి. ఈ భేదము తెలియకనే పెక్కుమంది చిక్కులలో పడుచున్నారు.

అయినను చట్టము రైతును పూర్తిగ మరువలేదు. అదే చట్టపు 11వ సెక్షను ప్రకారము, రెండవ పట్టికలోని జంతువు మనుష్యుల ప్రాణమునకు గాని, నిలిచియున్న పంటతో గూడిన ఆస్తికి గాని అపాయకరముగ మారిన యెడల, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా ఆయనచే అధికారము పొందిన అధికారి కారణములు చూపి వ్రాతమూలకమైన ఉత్తరువుతో దానిని చంపుటకు అనుమతింపవచ్చును. 2022లో జరిగిన సవరణ పిమ్మట అడవిపంది ఈ రెండవ పట్టికలో నున్నది. కేరళ రాష్ట్రమున 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే ఇట్టి ఉత్తరువు లిచ్చు అధికారము నొసగిరి. మన ప్రాంతమున ఏ యధికారి యెదుట, ఏ విధముగ దరఖాస్తు పెట్టవలెనో గ్రామ పంచాయతి ద్వారమున అటవీ రేంజి కచేరిలో విచారించి, సమాధానమును వ్రాతలో పొందుట మేలు. నోటిమాట అనుమతి, అనుమతి కాదు.

పులి, చిరుత, ఎలుగుబంటి మొదలగునవి ఒకటవ పట్టికలోనివి. పంట పాడుచేసినదను కారణముతో వానిని చంపుటకు ఎవ్వరును అనుమతి యియ్యజాలరు. ఉత్తరువుపై చంపబడిన పంది సైతము ప్రభుత్వపు సొత్తేగాని చంపినవానిది కాదు. కూరకు పంచుకొనుట, అమ్ముకొనుట నేరము. ప్రాణరక్షణకై తప్పనిసరియై చంపినచో అది నేరము కాదని చట్టమున నున్నది. కాని అప్పటికే మరియొక నేరము చేయుచున్నవానికి ఆ రక్షణ వర్తింపదు.

పోడు పట్టాలు పొందిన సోదరులకు ఒక మాట. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము భూమిపైనను, అటవీ ఫలసాయముపైనను హక్కుల నిచ్చినది గాని, సాంప్రదాయకమైన వేట హక్కును స్పష్టముగ మినహాయించినది. కోయ గూడెములలో భూమి పండుగనాటి వేట తరతరముల ఆచారమని మేమెరుగుదుము. ఆచారమునందు మాకు గౌరవము కలదు. కాని కచేరిలో ఆచారమును చెప్పుకొని శిక్ష తప్పించుకొన వీలులేదని చెప్పకపోవుట స్నేహము కాదు.

2. తుపాకి చట్టము రైతునకేమి యిచ్చినది?

ఆయుధములపై కట్టుదిట్టము కొత్తది కాదు. 1878లో బ్రిటిషు ప్రభుత్వము ఆయుధ చట్టమును తెచ్చి, లైసెన్సు లేనివారి చేతినుండి ఆయుధములను తొలగించినది. 1922లో మన్యమున అల్లూరి సీతారామరాజు గారి దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి మొదట తీసికొనినవి తుపాకులే యని మన పెద్దలు చెప్పుదురు. ఆ పాత చట్టమునకు బదులు 1959లో కొత్త చట్టము చేయబడి, 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. నేటికిని అదియే మూలము.

ఈ చట్టపు 13వ సెక్షనును రైతు శ్రద్ధతో వినవలెను. నిజమైన పంటకాపుదలకు గొట్టపు మూతినుండి మందు కూరెడి తుపాకి, అనగా మన వాడుకలోని బర్మారు తుపాకి కోరిన పౌరునకు లైసెన్సు ఇయ్యవలెనని అందు చెప్పబడినది. అట్టి తుపాకి చాలదని అధికారికి నమ్మకము కలిగినచో, 20 అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టము గల మరియొక తుపాకికి లైసెన్సు ఇయ్యవచ్చును. గొట్టములోపల గాడులు గల రైఫిలు ఈ వరుసలో లేదు. రైఫిలు కావలెనన్నచో దానికి తగిన కారణము కలదని అధికారిని వేరుగ ఒప్పింపవలెను. చట్టము పంటకాపునకు చూపిన దారి మొదట బర్మారు, పిమ్మట నున్నని గొట్టపు తుపాకి. బోల్టు రైఫిలు ఆ దారికి వెలుపలనున్నది. సభ్యుల ప్రశ్నకు సగము సమాధానము ఇక్కడనే కలదు.

మరికొన్ని నిబంధనలను గుర్తుంచుకొనవలెను. 21 సంవత్సరములు నిండనివానికి లైసెన్సు లేదు. పోలీసు నివేదిక వచ్చిన పిమ్మటనే అధికారి నిర్ణయించును. ఆయుధమును భద్రముగ వాడు శిక్షణ పొందినట్లు చూపవలెను. 2019 సవరణ పిమ్మట ఒక్కొక్కరికి రెండు తుపాకులకు మించి యుండరాదు; లైసెన్సు అయిదు సంవత్సరములు చెల్లును. ఎన్నికల వేళలలో ఆయుధమును అప్పగింపుమని ఉత్తరువు వచ్చినచో వెంటనే ఠాణాలో ఒప్పగించి రశీదు తీసికొనవలెను.

మన ప్రాంతమునకు ముఖ్యమైన నిబంధన మరియొకటి కలదు. అభయారణ్యమునకు పది కిలోమీటర్లలోపల కొత్తగ తుపాకి లైసెన్సు ఇయ్యవలెనన్నచో ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని ముందు సమ్మతి కావలెనని వన్యప్రాణి చట్టపు 34వ సెక్షను చెప్పుచున్నది. కిన్నెరసాని అభయారణ్యము 1977లో ఏర్పడినది. ఆ చుట్టుపట్ల గ్రామముల రైతులు దరఖాస్తు పెట్టకముందే తమ ఊరు ఆ హద్దులోపల నున్నదో లేదో తెలిసికొనవలెను. లైసెన్సు గల తుపాకిని సైతము అనుమతి లేక అభయారణ్యములోనికి గొనిపోరాదు. దగ్గరి త్రోవ అని అడవిగుండ పోయినను తప్పు తప్పే.

3. తుపాకులలో భేదములు

బర్మారు తుపాకి: దీనియందు మందును, అడ్డుపీచును, గుండ్లను మూతినుండి వేసి చువ్వతో కూరుదురు. ఒక దెబ్బ వేసిన పిమ్మట మరల కూరుటకు సమయము పట్టును. తేమ తగిలిన మందు పేలదు. వానకాలపు చేనికాపులో ఇది పెద్ద లోపము. ఒకమారు కూరిన సంగతి మరచి మరల కూరినచో గొట్టము పగిలి చేయి, కన్ను పోవును. దీనియందు మెచ్చదగిన గుణము చవుకదనము. పందిని బెదరించి తరుముటకు దీని మ్రోత చాలును; నిజముగ పెక్కు రాత్రులు రైతునకు కావలసినదియు మ్రోతయే.

పండ్రెండు బోరు తుపాకి: పేరులోని పండ్రెండు అంగుళముల లెక్క కాదు. ఒక పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగ పోసినచో, ఒక గుండు ఎంత లావుండునో అంత వెడల్పుగల గొట్టమని దాని యర్థము; ఇంచుమించు ముప్పాతిక అంగుళము. ఒంటి గొట్టమువి, జంట గొట్టములవి రెండు రకములును దొరకును. తూటాలోని గుండ్ల పరిమాణమును బట్టి పని మారును. సన్నగుండ్లు పిట్టలకు జేసినవి. అవి పందిని చంపవు, గాయపరచును. గాయపడిన పంది పొదలో దాగి, వెదకవచ్చినవానిపై తిరుగబడును. ఎస్.జి., ఎల్.జి. అను పెద్ద గుండ్ల తూటాలు కొద్ది దూరమున బలముగ పనిచేయును. నలుబది గజములు దాటినచో గుండ్లు చెదరి నమ్మకము తగ్గును. చేని గట్టున ఎదురగు పంది సాధారణముగ ఆ దూరములోపలనే యుండును.

బోల్టు రైఫిలు: తలుపు గడియను త్రిప్పి వెనుకకు లాగినట్లు దీనియందొక ఉక్కు గడియ యుండును. దానిని పైకెత్తి వెనుకకు లాగిన కాలిన తూటా వెలుపలికి పోవును. ముందుకు త్రోసి దించినచో క్రింది పెట్టెలోని కొత్త తూటా గొట్టములో చేరి బిగియును. జర్మనీలో మౌజరు, ఇంగ్లండున లీ-ఎన్‌ఫీల్డు ఈ తరహాలో ప్రసిద్ధములు. ఇందు సంక్లిష్టమైన యంత్రము లేదు. కావుననే దుమ్ము ధూళిలో నమ్మదగినది. గొట్టములోని మెలి గాడులు గుండును బొంగరమువలె త్రిప్పి పంపుటచే అది దూరము సూటిగ పోవును.

మన దేశమున సామాన్యునకు తెలిసిన బోల్టు రైఫిలు 0.315 అంగుళముల బోరుది; అనగా 8 మిల్లీమీటర్లు. దీనికొక కథ కలదు. బ్రిటిషువారు తమ సైన్యపు 0.303 తూటా ప్రజలచేత పడకూడదని ఆ కొలత రైఫిళ్ళను సామాన్యులకు నిషేధించిరి. అందుచేత సైన్యమునకు పనికిరాని వేరు కొలతతో 0.315 రైఫిలు వ్యాపించినది. బెంగాలులోని ఇషాపూరు రైఫిలు కర్మాగారము దీనిని తయారుచేయుచు వచ్చినది. తొలుత తుపాకి మందు చేసిన ఆ చోటనే 1904లో రైఫిలు కర్మాగారము వెలసినది. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారములన్నియు ఏడు ప్రభుత్వ కంపెనీలుగ విభజింపబడినప్పుడు ఇది కాన్పూరులోని కంపెనీ క్రిందికి వచ్చినది. కావున “అందుబాటులోని తొలి బోల్టు రైఫిలు ఏది” అని యడుగువారికి మన దేశపు సమాధానము ఇంచుమించు ఈ యొక్కటియే. లైసెన్సుతో బాటు తూటాలు కూడ స్వదేశమున దొరకవలెను గదా. విదేశపు రైఫిలు ఎంత మేలైనదైనను, తూటా దొరకనిచో అది చేతికర్రతో సమానము.

4. ఇంతకు రైతు కొనవలసిన దేది?

మా యభిప్రాయమును సూటిగ చెప్పెదము. చేనికాపునకు తుపాకి తప్పనిసరియని తేలినవారు లైసెన్సు గల అంగడిలో, పరీక్షా ముద్ర గల ఒంటి గొట్టపు గాని, జంట గొట్టపు గాని పండ్రెండు బోరు తుపాకిని కొనుట మేలు. జమ్ము, ముంగేరు పట్టణములలోని లైసెన్సు గల తయారీదారులవి, ప్రభుత్వ కర్మాగారములవి కలవు. జంట గొట్టములు గలదాని ధర కొంత హెచ్చైనను, మొదటి దెబ్బ తప్పి పంది తిరుగబడినప్పుడు రెండవ గొట్టము ప్రాణము కాపాడును.

రైఫిలును మేమెందుకు మెచ్చుటలేదో విన్నవింతుము. అది చెడ్డ ఆయుధమై కాదు; మన నేలకు మించిన ఆయుధమగుటచే. పండ్రెండు బోరు గుండ్లు కొన్ని వందల గజములలో బలముడిగి పడును. రైఫిలు గుండు గురి తప్పినచో మైలు దాటి పోవును. చీకటిలో కదలినది పందియో, దూడయో, మరియొక చేనికాపరియో తెలియని చోట, ఆవలి గట్టుమీద గూడెమున్న చోట, మైలు పోయెడి గుండు ఎవరి యింటి గోడను తాకునో చెప్పగల వారెవరు? కొండ యడ్డులేని మైదానపు చేలలో రైఫిలు పేల్చుట పొరుగువానిపై పాచికలాడుట వంటిది. ఉత్తరువు పొంది, వెనుక మట్టికట్ట యుండు చోటు చూచుకొని, శిక్షణ గల గురికాడు వాడినప్పుడు రైఫిలు సార్థకము. అట్టివానిని అటవీశాఖ ద్వారమున రప్పించుకొనుట ఒక్కొక్క రైతు రైఫిలు కొనుటకంటె మేలు.

మరికొందరు “0.177 గాలి తుపాకికి లైసెన్సు అక్కర లేదట, అది చాలదా?” అని యడుగుచున్నారు. తక్కువ బలము గల గాలి తుపాకికి లైసెన్సు అక్కర లేదన్నది నిజమే. కాని అది కాగితపు గురిపై అభ్యాసమునకు మాత్రమే. దానితో పందిని కొట్టుట జంతువును హింసించుటయు, నేరమును గూడ.

నాటు కమ్మరి చేసిన దొంగ తుపాకి జోలికి ఎవ్వరును పోరాదు. 2019 సవరణ పిమ్మట లైసెన్సు లేని తుపాకిని దగ్గర నుంచుకొనినందుకే రెండు సంవత్సరములకు తక్కువ కాని శిక్ష. తయారుచేసినవానికి ఏడు సంవత్సరములకు తక్కువ లేదు. నీటి గొట్టమును తుపాకి గొట్టముగ మార్చినది పగిలినప్పుడు పంది బ్రతికిపోవును, పేల్చినవాడు కన్ను పోగొట్టుకొనును.

5. పాత తుపాకిని పరీక్షించు విధము

సొమ్ము తక్కువ గలవారు పాతదానిని కొనుట కద్దు. కొందరికి తాతనాటి తుపాకి వారసత్వముగ వచ్చును. అట్టిది చేతికి వచ్చినప్పుడు ముందుగ ఠాణాలో గాని, లైసెన్సు గల అంగడిలో గాని ఒప్పగించి, తమ పేర లైసెన్సునకు దరఖాస్తు పెట్టవలెను. అటకమీద దాచి “మా తాతది” యనిన చాలదు.

కొనునపుడు ఈ క్రమమున చూడవలెను. ఒకటి, తుపాకిమీది సంఖ్య లైసెన్సు కాగితములలోని సంఖ్యతో అక్షరము తప్పక సరిపోవలెను. రెండు, తూటా లేదని రెండుమార్లు రూఢి చేసికొని, గొట్టమును వెలుగునకు పెట్టి చూడవలెను. లోపల అద్దమువలె మెరయవలెను. గుంటలు, తుప్పు మరకలు, ఉబ్బు, సొట్ట కనబడినచో వదలివేయవలెను. మూడు, జంట గొట్టముల తుపాకిని మూసి పట్టుకొని ఊపినప్పుడు గొట్టములకును మడతకును నడుమ కదలిక యుండరాదు. బోల్టు రైఫిలైనచో గడియ పూర్తిగ బిగిసి, దానంతట అది వెనుకకు జారకుండవలెను. నాలుగు, మీటను నొక్కకయే, కర్రను అరచేత తట్టినంతమాత్రమున గుర్రము జారి పడునేమో చూడవలెను. పడినచో అది ఇంటివారికే శత్రువు. అయిదు, తూటా గది పొడవు. పాత పండ్రెండు బోరు తుపాకులు కొన్నింటికి రెండున్నర అంగుళముల తూటా మాత్రమే సరిపడును. నేటి తూటాలు పెక్కు రెండుముప్పాతిక అంగుళములవి. పొడుగు తూటా లోపలికి దూరుటచే సరియైనదని భ్రమపడుదురు. కాని పేలినప్పుడు నోరు విప్పుకొను చోటు లేక ఒత్తిడి హెచ్చి గొట్టము చెడును. తుదకు లైసెన్సు గల తుపాకి మరమ్మతుదారునకు చూపి, ఆతని మాట వ్రాతలో తీసికొనవలెను.

6. ఖర్చు లెక్క

తుపాకి ధర ఒక్కటే ఖర్చని తలచువారు మోసపోవుదురు. ధరలు మారుచుండును గావున ఇక్కడ అంకెలు వేయము. పద్దులు మాత్రము చూపుదుము. తుపాకి ధర, లైసెన్సు రుసుము, శిక్షణ, కచేరీల చుట్టు తిరుగు దారిఖర్చు, తాళముగల ఇనుప పెట్టె, తూటాలు, నూనె, మరమ్మతు, అయిదేండ్లకొకమారు పునరుద్ధరణ. ఈ పద్దులన్నియు కూడి, అయిదు సంవత్సరములచేత భాగించి, ఏటికి పడు మొత్తమును ఒక కాగితముపై వ్రాయుడు. దాని ప్రక్క గడచిన మూడు పంటలలో పందులవలన పోయిన ధాన్యపు సగటు విలువను వ్రాయుడు. మొదటి అంకె పెద్దదైనచో తుపాకి పంటకు కాపలా కాదు, పంటయే తుపాకికి కాపలా కాయుచున్నదని గ్రహింపవలెను. అప్పు తెచ్చి తుపాకి కొనుటను మేమెన్నటికిని సమ్మతింపము.

సంఘము పేర ఒక తుపాకి కొని తలా ఒక రాత్రి వాడుకొందమని కొందరు సూచించిరి. ఎడ్లబండియో, పిచికారియో అట్లు పంచుకొనవచ్చును గాని తుపాకి అట్లు కాదు. లైసెన్సు గలవాని తుపాకిని లైసెన్సు లేనివాడు పేల్చుట నేరము. ఇచ్చినవాడును, పుచ్చుకొనినవాడును చిక్కుదురు.

7. చేనిలో పాటింపవలసిన నియమములు

తూటా లేదని తెలిసినను, ఉన్నదనియే తలచి తుపాకిని పట్టవలెను. చంపదలపని దానివైపు మూతిని త్రిప్పరాదు. గురి కుదురువరకు వ్రేలు మీటపై వేయరాదు. కంటికి స్పష్టముగ ఆకారము తెలియనిదే, దానివెనుక నేమున్నదో తెలియనిదే, కదలికను చూచి గాని సవ్వడి విని గాని పేల్చరాదు. ఈ తుది నియమము తప్పుటచేతనే అడవులలో మనిషిని పందియనుకొని కొట్టిన దుర్ఘటనలు జరుగును. మంచె ఎక్కునపుడు, గట్టు దాటునపుడు తూటాను తీసివేయవలెను. బురద గాని, ఆకు గాని గొట్టపు మూతిలో చేరినచో పేల్చకముందు తప్పక శుభ్రము చేయవలెను. కల్లు త్రాగిన రాత్రి తుపాకిని పెట్టెనుండి తీయరాదు. తూటాలొకచోట, తుపాకి వేరొకచోట, తాళపుచెవి ఇంటి పెద్దవద్ద నుండవలెను. పిల్లలున్న ఇంట దీనిని పదిమార్లు చెప్పినను తక్కువయే.

8. తుపాకి లేని కాపుదల

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. తుపాకి దొరకని రైతు కొన్ని చోట్ల పంటచుట్టు ఇనుప తీగె కట్టి ఇంటి కరెంటు ఇచ్చుచున్నాడు. రాత్రి ఆ త్రోవను వచ్చునది పందియే కానక్కరలేదు. నీరు పెట్టబోవు పొరుగు రైతు, గస్తీ తిరుగు అటవీ కావలివాడు, మేతకు పోయిన పశువు, తుదకు తీగె కట్టిన మాట మరచిన ఆ రైతే దానికి బలియగుట మన పల్లెలలో కొత్త వార్త కాదు. ఇంటి కరెంటు 230 వోల్టులు ఎడతెగక పారును, పట్టుకొనినవానిని వదలదు. సౌరకంచె అట్టిది కాదు. అది యంత్రమునుండి సెకను కొకమారు, సెకనులో అత్యల్ప భాగము మాత్రము నిలుచు దెబ్బ నిచ్చును. జంతువు బెదరి వెనుదిరుగును, చావదు. రెండును “కరెంటు తీగె”యే యని తలచుట విషమును మందును ఒకటే యనుట.

సౌరకంచె ఖరీదు ఒంటరి రైతునకు భారము. ఇక్కడనే సహకారము యొక్క బలము తెలియవలెను. నాలుగెకరముల చదరపు చేను చుట్టుకొలత ఇంచుమించు 557 గజములు. తొమ్మిదిమంది రైతులు తొమ్మిది చేలకు వేరు వేరుగ కంచె వేసినచో 5,000 గజములకు పైగా తీగె కావలెను. ఆ తొమ్మిది చేలు ఒకదాని నొకటి ఆనుకొని చదరముగ నున్నవనుకొందము. అన్నిటికి కలిపి ఒకే కంచె వేసినచో 1,670 గజములు చాలును. అనగా ఒక్కొక్కరి వంతు 186 గజములు. మూడింట ఒక వంతు ఖర్చు. యంత్రమును తొమ్మిది బదులు ఒకటియే. పొరుగువానితో గట్టు తగవు మాని చేయి కలిపినందుకు ఇంత లాభము!

హైదరాబాదు రాజేంద్రనగరములోని వ్యవసాయ పరిశోధకులు అడవిపందులపై పెక్కేండ్లుగ పరీక్షలు చేసి సులభోపాయములను చెప్పియున్నారు. వేరుసెనగ చుట్టు ముండ్లుగల కుసుమను దట్టముగ నాలుగు వరుసలు విత్తుట, మక్క చుట్టు ఆముదపు వరుసలు వేయుట అందులోనివి. కుసుమ, ఆముదము గింజలు కూడ అమ్ముడుపోవును గదా. పొలిమేర వెంబడి కందకము త్రవ్వుట, చేలన్నిటికి ఒకే కాలమున విత్తి కాపలాను వంతులవారీగ పంచుకొనుట, మంచెకు మంచెకు కేకతో సంబంధము పెట్టుకొనుట మన తాతలెరిగిన పద్ధతులే. ఏ పద్ధతియు ఒక్కటే ఎల్లకాలము పనిచేయదు. పంది తెలివిగలది, బెదరింపునకు త్వరలో అలవాటు పడును. పద్ధతులను మార్చుచుండవలెను.

పంట నష్టమైన యెడల ఊరకుండరాదు. తెల్లవారగనే సాక్షుల యెదుట ఫొటోలు తీసి, పంచాయతి కార్యదర్శికిని, వ్యవసాయాధికారికిని, అటవీ రేంజి కచేరికిని దరఖాస్తు పెట్టి ముద్రవేసిన నకలు తీసికొనవలెను. పరిహారము కోరుటకు మాత్రమే కాదు. పందిని చంపుటకు ఉత్తరువు అడుగు దినమున ఆ నకళ్ళే ఆధారము. ఒక్కని దరఖాస్తును బల్లక్రింద పెట్టగలరు; ఊరందరిది పెట్టలేరు.

అడవిని ఆనుకొని బ్రతుకుట మన తాతలకు కొత్త కాదు. ఆ అడవిలోని పులికి పందియే ఆహారము. పంది పూర్తిగ పోయిననాడు పులి మన దొడ్డివైపు చూచును. కావున మనము కోరవలసినది పందిజాతి నాశనము కాదు, మన చేని కాపుదల. తుపాకి కొనదలచిన సభ్యులు ముందుగ ఈ వ్యాసమును ఇంటిల్లిపాదికి చదివి వినిపించి, ఖర్చు కాగితమును వ్రాసికొని, సంఘ సమావేశమునకు తీసికొని రావలెనని కోరుచున్నాము. ఆ కాగితము చూచిన పిమ్మటను తుపాకియే మేలని తోచినవారికి దరఖాస్తు వ్రాయుటలో మేము తోడ్పడుదుము. కంచెయే మేలని తోచినవారు గట్టుకావలి పొరుగువానిని వెంటబెట్టుకొని వత్తురుగాక.